ఈ-పాదుకా పట్టాభిషేకం

అన్నగారి పాదుకలు తెచ్చి సింహాసనం మీద పెట్టడానికి భరతుడు చిత్రకూటం దాకా వెళ్ళాల్సి వచ్చింది. 2016లో అమెరికాలో బ్రెంట్ అండర్‌వుడ్ అనే పుస్తకాల ప్రచారకర్తకి ఆ ప్రయాణం కూడా తప్పింది. తన పాదాన్ని తానే ఫోటో తీసుకున్నాడు. ఆ ఫోటోనే ఈ-పుస్తకమని అమెజాన్‌లో పెట్టాడు. వెల 99 సెంట్లు. ఎవరూ తొంగిచూడని మారుమూల విభాగాలు వెతికి అందులో చేర్చాడు. వాటిలో ఒకటి ఫ్రీమేసన్లు, రహస్య సంఘాలు. మూడు కాపీలు అమ్ముడయ్యాయి. ముప్పై కాదు, మూడు వందలు కాదు, మూడు. అంతే, ఆ పాదం పక్కన ‘నంబర్ వన్ బెస్ట్ సెల్లర్’ అని నారింజ రంగు పట్టీ వెలిసింది. బెస్ట్ సెల్లర్ రచయిత కావడానికి మూడు డాలర్లూ ఐదు నిమిషాలూ చాలునని ఆయనే వ్యాసం రాసి లోకానికి చాటాడు.

అండర్‌వుడ్ ఆ పని వెక్కిరించడానికి చేశాడు. లోకం దాన్ని పాఠంగా తీసుకుంది. భరతుడు పెట్టిన పాదుకల వెనక ఒక రాముడున్నాడు, ఆయన తిరిగొస్తాడన్న నమ్మకముంది. ఇవాళ సింహాసనాల మీద వరసగా పాదాలే ఉన్నాయి. వెనక్కి తిరిగి చూస్తే రాముడూ లేడు, రచనా లేదు.

ఈ-పుస్తకం పుట్టినప్పుడు చెప్పిన మాటలు ఇవి కావు. 2007 నవంబరులో అమెజాన్ వారి ఈ-పుస్తకాల పరికరం కిండిల్ 399 డాలర్లకి బజారుకొస్తే ఐదున్నర గంటల్లో సరుకు ఖాళీ అయింది. 2010లో రచయితకి 70 శాతం రాయల్టీ అన్నారు. ప్రచురణకర్త గుమ్మంలో పడిగాపులు లేవు, ప్రెస్సువాడి బాకీ లేదు, పంపిణీదారుడికి కమీషన్ లేదు, అమ్ముడుపోని ప్రతులు దాచుకోవడానికి గోడౌను అక్కర్లేదు. రచయితకీ పాఠకుడికీ నడుమ ఇంకెవరూ ఉండరన్నారు. మాట నిలబెట్టుకున్నారు కూడా. నడిమి గోడలన్నీ కూలిపోయాయి. దుమ్ము సర్దుకున్నాక రచయిత కళ్ళు నులుముకుని చూస్తే అవతలి పక్క పాఠకుడు కనబడలేదు.

ఇప్పుడు చేయగలిగినవి రెండే. పాఠకుణ్ణి సంపాదించుకోవాలి, లేదా ఉన్నట్టు చూపించాలి. మొదటిదానికి బాగా రాయాలి, ఏళ్ళు పడుతుంది, గ్యారంటీ లేదు. రెండోదానికి క్రెడిట్ కార్డు ఉంటే చాలు. ఈ-పుస్తకాల యుగంలో మార్కెటింగ్ అని ఏ శాస్త్రాన్నయితే బోధిస్తున్నారో, అందులో ముప్పాతిక వంతు ఈ రెండోదే.

ఆ శాస్త్రానికి ఆదిగురువు కెంటకీ వ్యాపారి జాన్ లాక్. సొంతంగా ప్రచురించుకున్న రచయితల్లో కిండిల్ మీద పది లక్షల ప్రతులు అమ్మిన మొదటివాడిగా 2011 జూన్‌లో కీర్తికెక్కాడు. ఒక్కో నవల 99 సెంట్లు. వేడి చల్లారకముందే ఐదు నెలల్లో పది లక్షల ఈ-పుస్తకాలు ఎలా అమ్మానో చెబుతానంటూ ఇంకో పుస్తకం రాసి, దాన్ని కూడా అమ్మాడు. కిటుకులన్నీ దాచకుండా చెప్పాడనుకుని శిష్యకోటి ఎగబడి కొంది. ఆయన మరిచిపోయిన కిటుకు ఒకటి 2012 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. అయ్యవారు మూడు వందల సమీక్షలకి డబ్బు కట్టి ఆర్డరు పెట్టారు.

సమీక్షలకి ఆర్డరేమిటి అని అడక్కండి, దానికి ధరల పట్టిక కూడా ఉండేది. ఒక సమీక్ష 99 డాలర్లు, ఇరవై అయితే 499, యాభై తీసుకుంటే 999. టోకు బేరానికి తగ్గింపు. పుస్తకం పూర్తిగా చదివే రాయాలన్న పట్టింపు ఏమీ లేదు. సమీక్షలమ్మిన ఆ కొట్టుకి నెలకి 28,000 డాలర్ల దాకా రాబడి వచ్చిందని అదే పత్రిక రాసింది. తరవాత కొట్టు మూతపడింది, యజమాని ఇల్లులాంటి మోటారు బళ్ళు అమ్మే పనిలో చేరాడు. మంచిదే, అక్కడ కొనేవాడు కనీసం బండి నడిపి చూస్తాడు.

డబ్బు పెట్టలేనివాళ్ళకి స్వయంకృషి ఉండనే ఉంది. అదే ఏడు సెప్టెంబరులో ఆర్. జె. ఎలొరీ అనే ఇంగ్లండు థ్రిల్లర్ రచయిత దొరికిపోయాడు. నికోడెమస్ జోన్స్ లాంటి మారుపేర్లు తగిలించుకుని తన నవలని తనే ఆకాశానికెత్తాడు. చెయ్యి ఖాళీగా ఉన్నప్పుడు తోటి రచయితల పుస్తకాల మీద రాళ్ళేశాడు. పాపం, ఆయనది సొంత ప్రచురణ కూడా కాదు, పేరున్న ప్రచురణకర్తలే వేసేవారు. పొగడ్తకి ఆకలేస్తే సొంతంగా అచ్చేసుకున్నవాడూ, పెద్ద సంస్థ అచ్చేసినవాడూ ఒకే పంక్తిలో కూర్చుంటారు.

దుకాణదారుడైన అమెజాన్ కూడా అమాయకుడు కాడు, తెలివిగా లెక్క మార్చాడు. తన చందా పథకం కిండిల్ అన్‌లిమిటెడ్‌లో 2015 జూలై 1 నుంచి పాఠకుడు చదివిన పేజీల లెక్కన డబ్బు ఇస్తానన్నాడు. పేజీకి సుమారు అర సెంటు. న్యాయంగానే ఉంది, చదివిస్తేనే కూలి. దీనికి విరుగుడు కనిపెట్టడానికి మనవాళ్ళకి, అంటే మనిషి జాతికి, ఎంతో కాలం పట్టలేదు. పుస్తకం మొదటి పేజీలోనే ‘చివరికి వెళ్ళాలంటే ఇక్కడ నొక్కండి’ అని లంకె పెట్టారు. నొక్కితే నడుమనున్న పేజీలన్నీ చదివినట్టే లెక్కకొచ్చేవి. కొందరు ఒక నవల వెనక పాత నవలలు నాలుగైదు కుట్టి లావు చేశారు. ఒక పుస్తకానికి మూడు వేల పేజీలకి మించి లెక్క కట్టబోమని చివరికి అమెజాన్ గిరి గీసింది. వ్యాసమహర్షి ముందే పుట్టి బతికిపోయాడు.

ఇన్ని పేజీలు రాసేదెవరు? 2019 ఫిబ్రవరిలో బ్రెజిల్ రచయిత్రి ఒకామె ప్రేమనవలల్లో ఇతర రచయితల వాక్యాలు కుప్పలుగా బయటపడ్డాయి. ఆ ఇతర రచయితల్లో ఒకరైన నోరా రాబర్ట్స్ కోర్టుకెక్కింది. బ్రెజిల్ రచయిత్రి సంజాయిషీ నేరాన్ని మించిపోయింది. ఆ భాగాలు రాసింది తను కాదట, ఇంటర్నెట్‌లో కూలికి కుదుర్చుకున్న ఘోస్ట్ రైటరట. నా పేరు మీదున్న పుస్తకం నేను రాయలేదు కాబట్టి దొంగ నేను కాదని, చూడండి, ఎంత నిజాయితీ!

ఇప్పుడు ఆ కూలివాడి పొట్టా కొట్టేశారు. యంత్రం రాసిపెడుతోంది. 2023 సెప్టెంబరులో అమెజాన్ ఒక కట్టడి తెచ్చింది. ఒక్కో రచయిత రోజుకి మూడు కొత్త పుస్తకాలకి మించి పెట్టకూడదు. రోజుకి మూడు! పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి పడుకోబోయే ముందు ఒకటి. ఇంతకన్నా ఎక్కువ రాసేవాళ్ళ సృజనకి సంకెళ్ళు వేశారని ఎక్కడా ఊరేగింపు జరగలేదు. తీరిక లేకపోయి ఉంటుంది.

ఇదంతా పరాయి దేశాల బాగోతం, మనకెందుకంటారా? మనం ఎవరికీ తీసిపోలేదు. తీసిపోయింది ఒక్క చోటే. 2016 డిసెంబరులో అమెజాన్ మన దేశభాషల్లో కిండిల్ పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం అని ఐదింటిని పిలిచింది. 2011 జనగణనలో తెలుగు మాతృభాష అని రాయించుకున్నవాళ్ళు 8.11 కోట్లు, మలయాళం అన్నవాళ్ళు మూడున్నర కోట్లు. అయినా ఆ పంక్తిలో మనకి విస్తరి వెయ్యలేదు. కొట్టువాడికి మాట్లాడేవాళ్ళ లెక్క దేనికి, కొనేవాళ్ళ లెక్క కావాలి గానీ. కృష్ణరాయలవారిచ్చిన సర్టిఫికెట్టు ఆ కౌంటర్లో చెల్లలేదు.

కినిగె లాంటి తెలుగు దుకాణాలు, ప్రతిలిపి లాంటి యాప్‌లు లేకపోతే మన ఈ-రచయిత గతి ఏమయ్యేదో. అవి వచ్చాయి కాబట్టి అవతరించాడు. కానీ పుస్తకం తయారు కావాలి కదా. నవల డీటీపీ చేసిన చోట అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో కూర్చి ఉంటుంది. దాన్ని యూనికోడ్‌లోకి మారిస్తే వత్తులు ఒక దారీ గుణింతాలు ఒక దారీ పడతాయి. మళ్ళీ ప్రూఫులు దిద్దాలి. మూడు వందల పేజీలు ఎవడు దిద్దుతాడు? అందుకని ఉన్న పేజీలనే పీడీఎఫ్ చేసి దానికి ఈ-బుక్ అని బారసాల చేసేశారు. ఫోన్లో తెరిస్తే అక్షరం కంటికి ఆనదు. పెద్దది చేస్తే సగం వాక్యం తెర బయటికి పోతుంది. నాయిక సముద్రం ఒడ్డున నిలబడి ‘నేను నిన్ను’ అంటుంది. ఆ తరవాత ఏమందో తెలియాలంటే వేలితో పేజీని పక్కకి లాగాలి. లాగేసరికి పై పేరా వచ్చేస్తుంది. తెలుగు ఈ-నవలల్లో ప్రేమలు ఆలస్యంగా ఫలించడానికి కారణం ఇదే.

ప్రూఫు దిద్దే ఓపిక లేనివాడికి ప్రచారం దగ్గరికొచ్చేసరికి ఎక్కడలేని ఓపికా వస్తుంది. ‘త్వరలో’ అని ఒక పోస్టరు. శీర్షిక ఆవిష్కరణకి ఒకటి, ముఖచిత్రం ఆవిష్కరణకి ఒకటి, టీజరొకటి, ‘ఇంకా మూడు రోజులే’ అని ఒకటి. నవలకి పట్టిన రోజుల కన్నా పోస్టర్లకి పట్టిన రోజులు ఎక్కువ. చివరికి ఒక శుభముహూర్తాన, తెల్లవారుజామున, నూటెనభై మంది ఉన్న వాట్సాప్ గుంపులో లంకె పడుతుంది. నిమిషం తిరక్కుండా మొదటి స్పందన: ‘అద్భుతం సర్. ముగింపు చదువుతుంటే కళ్ళు చెమ్మగిల్లాయి.’ మూడు వందల పేజీల నవల. ఒక నిమిషం.

ఆ వెనకే అసలు పాఠకుడు వస్తాడు.

‘గురువుగారూ, పీడీఎఫ్ పెట్టేయండి, తీరిగ్గా చదువుకుంటాను.’

‘లంకె ఇచ్చానండీ. అరవై రూపాయలే.’

‘అబ్బే, డబ్బు గురించి కాదండీ. ఆ ఓటీపీలూ అవీ నాకు చేతకావు.’

ఈయన అదే ఫోన్లో రాత్రి బిరియానీ తెప్పించుకున్నాడు. బిరియానీకి ఓటీపీ వస్తుంది, నవలకి రాదు. సరే, పెద్దాయన, కాదనలేక రచయిత పీడీఎఫ్ పంపుతాడు. సాయంత్రానికి అది ఇంకో గుంపులో, మర్నాటికి టెలిగ్రామ్‌లో తేలుతుంది. ‘ఇంత మంచి పుస్తకం అందరికీ అందాలని పంపాను’ అని పెద్దాయనే ఫోన్ చేసి ఆనందం పంచుకుంటాడు. ఆయన మాత్రం చదివాడా? అది అడక్కూడదు.

తరవాత నక్షత్రాల వేట. మీరు నాకు ఐదు వేస్తే నేను మీకు ఐదు వేస్తాను. పెళ్ళిలో చదివింపుల పుస్తకం ఉంటుంది చూశారా, ఎవరు ఎంత చదివించారో రాసిపెట్టుకుని వాళ్ళింట శుభకార్యానికి లెక్క తప్పకుండా తిరిగి చదివిస్తాం. మన సమీక్షలు ఆ పుస్తకంలోంచే వస్తున్నాయి. అందుకే వాటి భాష అంత మర్యాదగా ఉంటుంది. ‘చాలా బాగుంది అన్నయ్యా, టైమ్ దొరకగానే చదువుతాను.’ ఐదు నక్షత్రాలు. ‘మీ శైలి మీకే సొంతం మేడమ్.’ ఐదు. ‘ప్రతి ఇంట్లో ఉండాల్సిన పుస్తకం.’ ఇదీ ఐదే, రాసినవాడింట్లో ఉన్న దాఖలా మాత్రం లేదు. నాలుగు నక్షత్రాలు వేసినవాడికి రాత్రి పదింటికి ఫోన్ వస్తుంది: ‘బాబాయ్, మన మధ్య ఏమైనా మనస్పర్థ వచ్చిందా?’

ఐదు నక్షత్రాల రచయితలందరికీ ఒక చిన్న పరీక్ష. మీ నవల్లో ఏడో అధ్యాయం మొత్తం తీసేసి, ఆరు తరవాత ఎనిమిది వచ్చేలా మళ్ళీ ఎక్కించండి. ఎవరికీ చెప్పకండి. ఏడో అధ్యాయం ఏమైందని ఒక్కడు అడిగితే చాలు, మీకు పాఠకుడున్నట్టు. వాడి కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకోండి. ఎవడూ అడక్కపోతే మీకున్నవాళ్ళు అభిమానులు.

ఈ ఒంటరితనాన్ని కనిపెట్టినవాళ్ళు ఊరుకుంటారా, కొట్టు తెరిచారు. సిల్వర్, గోల్డ్, ప్లాటినం అని ప్యాకేజీలు. ముఖచిత్రం మాది, ప్రచారం మాది, డబ్బు మీది. ప్యాకేజీలో ఘనంగా చూపించే సౌకర్యం ఐఎస్‌బీఎన్ నంబరు. మన దేశంలో ఆ నంబరు రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ సంస్థ పైసా తీసుకోకుండా ఇస్తుంది. కేంద్ర ప్రభుత్వం ఊరికే ఇచ్చేదాన్ని బంగారు ప్యాకేజీలో పెట్టి అమ్మడం ఒక కళ, కొనడం అంతకన్నా పెద్ద సాహిత్యసేవ. ఇక సంకలనాల సంగతి. వందమంది కవులో కథకులో తలా కొంత వేసుకుంటే పుస్తకం, అందులో అందరికీ ఒక పేజీ, అందరికీ ఒక ప్రశంసాపత్రం, దాని మీద అందరికీ ఒకే పొగడ్త. పేరు రాసే చోట గీత మీద అక్షరాలు పట్టక ఇంటిపేరు బయటికి జారిపోయి ఉంటుంది. ఫర్వాలేదు, ఫేస్‌బుక్‌లో పెట్టడానికి సరిపోతుంది.

ప్రభుత్వం మాత్రం ఈ వ్యవహారాన్ని ముందే పసిగట్టినట్టుంది. అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు. ఈ-పుస్తకానికి 18 శాతం ఉండేది. 2018 జూలైలో దాన్ని 5 శాతానికి తగ్గించారు, అయితే ఆ పుస్తకానికి అచ్చు ప్రతి ఉంటేనే. కేవలం తెర మీద పుట్టి తెర మీదే బతికే నవలకి ఆ తగ్గింపు లేదు. కాగితం మీద కనబడితేనే పుస్తకమన్నది సర్కారువారి అలంకారశాస్త్రం. సాహిత్య అకాడమీలు తేల్చలేని విషయాన్ని పన్నుల శాఖ తేల్చేసింది.

సొంత డబ్బుతో అచ్చేసుకోవడం మనకి కొత్తా కాదు, నామోషీ అంతకన్నా కాదు. కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ తన ‘వివేకవర్ధని’లోనే 1878 నుంచి తనే వేసుకున్నాడు, 1880లో పుస్తకం చేశాడు. పత్రిక తనది, ప్రెస్సు తనది, తిట్లు కూడా తనవే. ఆ తిట్లకి ఆయన భయపడి ఉంటే మనకి నవల ఇంకొన్నాళ్ళు ఆలస్యంగా వచ్చేది. తరవాతి తరాల రచయితలు పీఎఫ్ డబ్బు తీసి వెయ్యి ప్రతులు వేయించుకున్నారు. మంచం కింద అట్టపెట్టెలు పేర్చుకున్నారు. సభ పెట్టి, శాలువా కప్పించుకుని, ‘ప్రేమతో’ అని సంతకం చేసి పంచిపెట్టారు. ఆ సంతకం ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద కనబడి మనసు చివుక్కుమంది. అయినా అక్కడ ఎవరో దాన్ని పది రూపాయలకి బేరమాడి కొన్నారు. ఇంటికి పట్టుకెళ్ళి చదివారు కూడా. ఈ-పుస్తకానికి ఆ పేవ్‌మెంటు యోగం కూడా లేదు.

వారపత్రికల రోజుల్లో కథ పంపితే, తపాలా బిళ్ళలు జతచేసి ఉంటే, తిరుగుటపాలో వచ్చేసేది. ఆ సంపాదకులందరూ ధర్మమూర్తులని నేననను. వాళ్ళకి కులాలున్నాయి, ముఠాలున్నాయి, మొహమాటాలున్నాయి, మంచి కథల్ని చెత్తబుట్టలో వేసిన పాపాలున్నాయి. ఈ-పుస్తకం వాళ్ళ గుత్తాధిపత్యాన్ని విరగ్గొట్టింది, బాగా చేసింది. ఏ పత్రికా వెయ్యని కథలు, ఏ ప్రచురణకర్తా ముట్టని గొంతులు ఈ దారిన బయటికొచ్చాయి. వాటిలో మంచివి ఉన్నాయి. నా కోపమంతా వాటి తరఫునే. రోజుకి మూడు పుస్తకాలు దింపేవాడి కిందా, చదివింపుల నక్షత్రాల కిందా నలిగిపోతున్నవి అవే. అందరికీ ఐదు నక్షత్రాలు పడిన చోట నిజంగా ఐదుకి అర్హమైన నవలకి వెయ్యడానికి ఏమీ మిగలదు.

సంపాదకుడు పోయాడు. ప్రచురణకర్త పోయాడు. రచయితతో ‘ఇది బాగోలేదయ్యా’ అనగలిగినవాడు లోకంలో ఇక ఒక్కడే మిగిలాడు, పాఠకుడు. వాడి నోరు నొక్కడానికే ఈ నక్షత్రాలు, పట్టీలు, ప్రశంసాపత్రాలు, ముందస్తు కన్నీళ్ళు. దీన్ని మార్కెటింగ్ అనడం వర్తకులకి అవమానం. సంతలో వంకాయలమ్మే మనిషి కూడా పుచ్చు చూసుకోనిస్తుంది.

రచయితలకి చెప్పేదేమీ లేదు, వాళ్ళు పోస్టర్ల పనిలో ఉన్నారు. చెప్పేది మీకే. ఈ నెల ఒక తెలుగు ఈ-నవల డబ్బిచ్చి కొనండి. పీడీఎఫ్ అడక్కండి, వస్తే పంచకండి. చివరి పేజీ దాకా చదవండి. బాగుంటే ఎక్కడ బాగుందో రాయండి. బాగోలేకపోతే బాగోలేదని సొంత పేరుతో రాయండి. రచయితకి కోపం వస్తుంది, రానివ్వండి. తనని ఒకడు పూర్తిగా చదివాడని ఆయనకి తెలిసేది అప్పుడే.